బీదలకు న్యాయసహాయము: సంఘములను నడిపిన వారి చరిత్ర

శతజయంతి సంచికలలో సాధారణముగా కట్టడముల చరిత్రయు, వాటిని కట్టించిన పెద్దల చరిత్రయు వ్రాయుట వాడుక. పాఠశాలలు, ఆసుపత్రులు, అనాథశరణాలయములు ఎట్లు వెలసెనో పాఠకులకు చాలవరకు తెలిసినదే. అయితే మరియొక విధమైన ధర్మసంస్థ కలదు. దానికి గొప్ప కట్టడము అక్కరలేదు. ఒక గది, ఒక బల్ల, చట్టము తెలిసిన ఒక మనిషి ఉన్న చాలును. జీతము ఎగవేయబడిన పనిమనిషి, ఇల్లు ఖాళీ చేయుమని నోటీసు అందుకొనిన కుటుంబము, జామీను కట్టలేక జైలులో మగ్గుచున్న ఖైదీ కొరకు తిరుగు తల్లి అచ్చటికి వచ్చెదరు. ఇట్టి ఉచిత న్యాయసహాయ సంఘములను ఎవరు నడిపిరి, ఎట్లు నడిపిరి అను సంగతిని ఈ వ్యాసములో చెప్పదలచితిమి.

నడుపుట అనగా ఇచ్చట ప్లీడరు చేయు పని కాదు. పాలకవర్గము చేయు పని. నెలకో, మూడు నెలలకో ఒకసారి కూడి, లెక్కలు చూచి, ఏ పని ముందు, ఏ పని వెనుక అని తీర్మానించు ఆ పదిమంది పనియే మా విషయము. ఇది చప్పని విషయమని కొందరు తలంచవచ్చును. కాని ఒక్క భేదమును గమనింపవలెను. ఆసుపత్రిలో రోగి బాగుపడినయెడల దానివలన నష్టపోవువాడెవడును లేడు. న్యాయసహాయము అట్టిది కాదు. బీదవాడు గెలిచిన ప్రతి వ్యాజ్యములోను ఓడినవాడొకడు ఉండును. ఆ ఓడినవాడు సంఘమునకు చందా ఇచ్చు వర్తకుడు కావచ్చును, ఇంటి యజమాని కావచ్చును, గ్రాంటు మంజూరు చేయు ప్రభుత్వమే కావచ్చును. అప్పుడు పాలకవర్గములో ఎవరు కూర్చుండిరి అను ప్రశ్న మీద ఆ బీదవాని గతి ఆధారపడును. ఈ మాట ఊహ కాదనుటకు గడచిన నూట ఏబది సంవత్సరముల చరిత్రయే సాక్ష్యము.

న్యూయార్కులో ఆరంభము

ఈ విధమైన సంఘములలో మిక్కిలి పేరుపొందినది 1876లో న్యూయార్కు నగరమున ఆరంభమయ్యెను. దానిని పెట్టినవారు జర్మనీ దేశమునుండి వలస వచ్చి స్థిరపడినవారు. అప్పటికే వారికి 1784లో ఏర్పడిన జర్మన్ సొసైటీ అను పరోపకార సంఘము ఉండెను. ఓడ దిగిన జర్మను కూలీలు, పనిమనుషులు ఆ దేశభాష రాక, చట్టము తెలియక మోసపోవుచుండిరి. పని చేయించుకొనినవారు జీతము ఇయ్యకపోయినను కోర్టుకు వెళ్లుటకు వారికి దారి లేకపోయెను. ఆ జీతపు బాకీకంటె ప్లీడరు ఫీజే ఎక్కువ. కాబట్టి సొసైటీ పెద్దలు ప్రత్యేకముగా ఒక న్యాయరక్షణ సంఘమును స్థాపించి, జీతము మీద ఒక న్యాయవాదిని నియమించిరి. విస్కాన్సిన్ రాష్ట్రమునకు పూర్వము గవర్నరుగా ఉండిన ఎడ్వర్డ్ సాలొమన్ దానికి మొదటి అధ్యక్షుడాయెను. ఆయనయు జర్మనీనుండి వలస వచ్చినవాడే.

ఈ మొదటి పాలకవర్గములో ఒక సుగుణము ఉండెను. సహాయము పొందువారును, సహాయము నడుపువారును ఒకే జాతివారు, ఒకే భాషవారు. పెద్దలలో కొందరు ఆ ఓడలలోనే వచ్చినవారు గనుక కూలివాని కష్టము వారికి వేరుగా వివరింపనక్కరలేదు. లోపమును అందులోనే ఉండెను. జర్మనులు కానివారికి ఆ తలుపు తెరువబడలేదు.

1890లో ఆర్థర్ వాన్ బ్రీసెన్ అను న్యాయవాది అధ్యక్షుడై 1916 వరకు ఆ పదవిలో ఉండెను. ఆయన కాలములో తలుపు అందరికిని తెరువబడెను. జాతి నియమము తీసివేయబడెను. 1896లో సంఘమునకు లీగల్ ఎయిడ్ సొసైటీ అను పేరు పెట్టబడెను. 1901లో రోజలీ లో అను యువతి అచ్చటి ప్రధాన న్యాయవాదినిగా నియమింపబడెను. స్త్రీలు న్యాయవాద వృత్తిలో అరుదుగా కనబడిన కాలములో ఇది చిన్న సంగతి కాదు.

జర్మన్ సొసైటీ సొమ్ముతో అందరికిని సహాయము చేయుట సాధ్యము కాదు గనుక వాన్ బ్రీసెన్ నగరములోని ధనవంతులను ఆశ్రయించెను. బీదవానికి న్యాయము దొరకనియెడల అతడు ప్రభుత్వమునే ద్వేషించును, న్యాయము దొరికినయెడల దేశములో శాంతి నిలుచును అని ఆయన వారికి నచ్చచెప్పెను. మాట నిజమే. చందాలును వచ్చెను. కాని ఆనాటి నియమావళిలో, యోగ్యులుగా కనబడినవారికి సహాయము చేయబడును అను భావము చేరెను. ఎవరికి యోగ్యులుగా కనబడవలెను? పాలకవర్గమునకు, వారు నియమించినవారికి. ఈ ఒక్క మాటలోనుండి తరువాతి ఏబది సంవత్సరముల చిక్కులన్నియు పుట్టినవని మా అభిప్రాయము.

చికాగో స్త్రీల సభ

అదే కాలమున చికాగో నగరములో వేరొక మార్గము కనబడెను. 1886లో అచ్చటి స్త్రీల సంఘములు కలిసి, స్త్రీలకును పిల్లలకును రక్షణ కల్పించు ఒక సంస్థను స్థాపించెను. పాలకవర్గములో వేర్వేరు స్త్రీల సంఘములు పంపిన ప్రతినిధులు కూర్చుండిరి. వారిలో అధికులు చట్టము చదివినవారు కారు. అయినను చెరచబడిన బాలిక, జీతము రాని పనిమనిషి, భర్తచేత విడువబడిన భార్య వచ్చి చెప్పుకొనినప్పుడు, ఆ మాట నమ్మదగినదా కాదా అని నిర్ణయించువారు స్త్రీలే. అత్యాచారమునకు గురియైన బాలికలతోకూడ కోర్టుకు వెళ్లి, విచారణ ముగియువరకు ఆ గదిలో కూర్చుండు ఆచారమును వారు పెట్టిరి. పురుషులతో నిండిన కోర్టులో ఆ బాలిక ఒంటరిగా నిలువకుండుటకే ఈ ఏర్పాటు.

ప్లీడర్లు మాత్రమే కూర్చుండిన సభలో ఇట్టి ఆలోచన పుట్టి ఉండెడిదా అను ప్రశ్న వేసికొనవచ్చును. చట్టము తెలిసినవారికి వ్యాజ్యము కనబడును. కష్టము తెలిసినవారికి ఆ వ్యాజ్యము వెనుక నిలిచిన మనిషి కనబడును. రెండును కావలెను. 1888లో అదే నగరమున మరియొక న్యాయసహాయ సంస్థ వెలసెను. 1905లో ఈ రెండును కలిసి చికాగో లీగల్ ఎయిడ్ సొసైటీగా ఏర్పడెను.

చందాదారుల చేయి

1914లో రెజినాల్డ్ హీబర్ స్మిత్ అను యువకుడు చదువు ముగించుకొని బోస్టన్ న్యాయసహాయ సంఘమున ప్రధాన న్యాయవాదిగా చేరెను. తరువాత ఆయన దేశములోని ఇట్టి సంఘములన్నిటిని పరిశీలించి, 1919లో కార్నెగీ ఫౌండేషన్ పక్షమున, న్యాయమునకును బీదలకును గల సంబంధమును గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. చట్టము అందరికి సమానమని చెప్పుచున్నను, కోర్టు ఖర్చులు, ఆలస్యము, ప్లీడరు ఫీజు అను మూడు అడ్డుగోడలవలన బీదవాడు బయటనే నిలిచిపోవుచున్నాడని ఆయన లెక్కలతో చూపెను. దాని ఫలితముగా 1921లో అమెరికా న్యాయవాదుల సంఘము న్యాయసహాయము నిమిత్తము ఒక స్థాయీ సంఘమును ఏర్పరచెను.

సంఘములు పెరిగెను. కాని వాటి ఆదాయము చందాలే. చాల పట్టణములలో ధర్మసంస్థలన్నిటికి కలిపి ఒకే నిధి సేకరించు పద్ధతి వచ్చెను. ఆ నిధిలో వర్తకుల చందాలు ముఖ్యము. బాకీలు తీర్చలేనివాడు కోర్టులో దివాలా దరఖాస్తు పెట్టుకొని విడుదల పొందుటకు ఆ దేశ చట్టము వీలు కల్పించును. అయితే అప్పు ఇచ్చినవారు ఆ వర్తకులే. తమ చందాతో తమ బాకీలను రద్దు చేయించుట వారికి రుచించలేదు. కావున అనేక సంఘములు దివాలా దరఖాస్తులు తీసికొనకూడదని నియమము పెట్టుకొనెను. కుటుంబములు చెడుననియు, లోకము నిందించుననియు విడాకుల వ్యాజ్యములను పెక్కు సంఘములు నిరాకరించెను. భర్త కొట్టి వెళ్లగొట్టిన భార్య వచ్చినను అదే జవాబు.

ఇందులో ఎవరును దొంగతనము చేయలేదు. లెక్కలు సరిగానే ఉండెను, ఆడిటు జరిగెను, వార్షిక నివేదికలు అచ్చుపడెను. పాలకవర్గములోనివారు గౌరవనీయులే. అయినను బీదవానికి అత్యవసరమైన సహాయము ఏదో, సరిగా అదియే మూసివేయబడెను. సంఘమునకు చెరుపు అవినీతివలన మాత్రమే వచ్చునని అనుకొనుట పొరపాటు. పాలకవర్గములో ఒకే తరగతివారు కూర్చుండుటవలనను అది రాగలదు.

బీదలకు స్థానము

ఈ పద్ధతిమీద గట్టి విమర్శ 1960 దశకమున వచ్చెను. కనెక్టికట్ రాష్ట్రములోని న్యూ హేవన్ పట్టణమున ఒక అభివృద్ధి సంస్థ పేటలలో న్యాయసహాయమును ఆరంభించెను. అచ్చట పనిచేసిన జీన్ కాన్ అను నల్లజాతి న్యాయవాదిని, శ్వేతజాతి స్త్రీపై అత్యాచారము చేసెనని నేరము మోపబడిన ఒక నల్లజాతి మనిషి పక్షమున 1963లో నిలిచెను. పట్టణములో అలజడి రేగెను. సంస్థ పెద్దలు ఆ న్యాయసహాయ కార్యక్రమమును నిలిపివేసిరి. దీనినిబట్టి ఆమెయు, ఆమె భర్త ఎడ్గర్ కాన్‌యు ఆలోచించి 1964లో యేల్ విశ్వవిద్యాలయపు న్యాయపత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. బీదల నిమిత్తము నడుపబడు సేవలను పైనుండి నడుపుట చాలదు, ఆ సేవ పొందువారు దానిని ప్రశ్నించుటకు వీలుండవలెను, వారి పేటలోనే వారి న్యాయవాది ఉండవలెను అనునది దాని సారాంశము.

ఆ సంవత్సరమే అధ్యక్షుడు లిండన్ జాన్సన్ దారిద్ర్య నిర్మూలనము నిమిత్తము చట్టము తెచ్చెను. 1965లో దాని క్రింద ప్రభుత్వ నిధులతో న్యాయసేవల కార్యక్రమము ఆరంభమయ్యెను. బీదలు నివసించు చోట్లనుండి ప్రతినిధులు పాలకవర్గములో కూర్చుండవలెనని ప్రభుత్వము కోరెను. చాల పట్టణములలో న్యాయవాదులు దీనిని ఎదిరించిరి. చదువురాని మనిషి ప్లీడరుకు ఆజ్ఞ ఇచ్చునా అని అడిగిరి. అయితే అమెరికా న్యాయవాదుల సంఘము, లూయిస్ పావెల్ అధ్యక్షతన, 1965 ఫిబ్రవరిలో ఈ కార్యక్రమమును ఆమోదించెను. ఈయనయే తరువాత ఆ దేశపు సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఆయెను.

క్రొత్త పాలకవర్గములతోపాటు పనియు మారెను. అద్దె ఇండ్లు, సహాయధనము, ఆసుపత్రి హక్కులు ముందుకు వచ్చెను. ప్రభుత్వము ఇచ్చు సహాయధనమును విచారణ లేకుండ ఆపివేయకూడదని 1970లో గోల్డ్‌బర్గ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. అంతకుముందు దశాబ్దముల తరబడి అట్లు ఆపివేయబడినవారు ఎందరో ఉండిరి. వారి పక్షమున ఆ ప్రశ్నను పై కోర్టువరకు తీసికొనిపోవువారు లేకపోయిరి.

గవర్నరుగారి నిరాకరణ

కాలిఫోర్నియా రాష్ట్రములో 1966లో పల్లెటూళ్ల కూలీల నిమిత్తము ఒక న్యాయసహాయ సంస్థ వెలసెను. బీదల వైద్య ఖర్చులలో రాష్ట్ర ప్రభుత్వము కోత పెట్టగా ఆ సంస్థ కోర్టుకు వెళ్లి 1967లో గెలిచెను. పొలముల యజమానులకును, ప్రభుత్వమునకును అది కంటగింపు ఆయెను. 1970 డిసెంబరులో అప్పటి గవర్నరు రోనాల్డ్ రీగన్ ఆ సంస్థకు రావలసిన కేంద్ర గ్రాంటును నిరాకరించెను. ఇతర రాష్ట్రముల న్యాయమూర్తులు ముగ్గురితో ఒక విచారణ సంఘము ఏర్పడి, 1971లో ఆ ఆరోపణలు నిరాధారములని చెప్పెను. గ్రాంటు తిరిగి వచ్చెను.

ఈ అనుభవమువలన ఒక సంగతి తేటపడెను. గ్రాంటు ఇచ్చు చేతికిని, న్యాయవాది కలమునకును మధ్య ఒక గోడ కావలెను. అందుచేత 1974 జూలై 25న అధ్యక్షుడు నిక్సన్ సంతకముతో లీగల్ సర్వీసెస్ కార్పొరేషన్ అను ప్రత్యేక సంస్థ చట్టమాయెను. దాని పాలకవర్గములో 11 మంది. వారిని దేశాధ్యక్షుడు సెనేటు సమ్మతితో నియమించును. వారిలో ఒకే రాజకీయ పక్షమువారు 6 మందికి మించకూడదు. ఈ సంస్థ తాను వ్యాజ్యములు నడుపదు. ఊరూర ఉన్న లాభాపేక్ష లేని సంఘములకు గ్రాంటులు ఇచ్చును.

ఆ స్థానిక సంఘముల పాలకవర్గములకును చట్టము కొలత పెట్టెను. నూటికి 60 వంతులు న్యాయవాదులు ఉండవలెను. 1977 సవరణ ప్రకారము కనీసము మూడవవంతు సభ్యులు, నియమింపబడు నాటికి ఆ సహాయమునకు అర్హులైన బీదలే అయి ఉండవలెను. సభ్యులకు జీతము లేదు. అయితే రాకపోకల ఖర్చువంటివి తిరిగి ఇచ్చుటకు అనుమతి కలదు. ఇది చిన్న నియమముగా కనబడును. కాని బస్సు చార్జీ లేక సభకు రాలేని సభ్యుని పేరు కాగితము మీద ఉండి ప్రయోజనమేమి? కమిటీలలో పనిచేసిన మన పాఠకులకు ఈ మాట వివరింపనక్కరలేదు.

పాలకవర్గమునకు హద్దు

అధికారము ఇచ్చిన తరువాత హద్దును ఉండవలెను. పాలకవర్గ సభ్యుడొకడు లేచి, ఫలానావాని మీద వ్యాజ్యము వేయవద్దు, అతడు మనకు కావలసినవాడు అని చెప్పవచ్చునా? చెప్పకూడదని అమెరికా న్యాయవాదుల సంఘము 1974లో ఒక నీతి నిర్ణయమును ప్రకటించెను. ఏ విధమైన వ్యాజ్యములు తీసికొనవలెను, ఏ అవసరము ముందు, ఎంతమందిని నియమింపవలెను, సొమ్ము ఎట్లు ఖర్చు చేయవలెను అనునవి పాలకవర్గము నిర్ణయించును. ఒకసారి న్యాయవాది ఒక మనిషి పక్షమును స్వీకరించిన తరువాత, ఆ వ్యాజ్యములో అతడు ఆ మనిషికే బాధ్యుడు. ఆ మనిషి చెప్పిన రహస్యములు పాలకవర్గమునకు చేరకూడదు.

పాలకవర్గములోని న్యాయవాదులకు మరియొక చిక్కు కలదు. పగలు ఇంటి యజమానుల పక్షమున వాదించు ప్లీడరు, సాయంకాలము ఈ సంఘపు సభలో కూర్చుండవచ్చునా? 1983లో వచ్చిన నీతి నియమావళి దీనికి మధ్యమార్గము చెప్పెను. కూర్చుండవచ్చును. అయితే తన కక్షిదారునికి సంబంధించిన నిర్ణయము వచ్చినప్పుడు అతడు అందులో పాల్గొనకూడదు. మంచివారని నమ్మి వదలివేయక, మంచివారికే శోధన రాకుండునట్లు నియమము పెట్టుట ఇందులోని వివేకము.

నిధుల పరీక్ష

1981లో రీగన్ దేశాధ్యక్షుడైన తరువాత ఈ కార్పొరేషనును పూర్తిగా ఎత్తివేయవలెనని ప్రతిపాదించెను. కాంగ్రెసు ఒప్పుకొనలేదు. అయినను గ్రాంటు 32 కోట్ల 10 లక్షల డాలర్లనుండి 1982లో 24 కోట్ల 10 లక్షల డాలర్లకు తగ్గెను. అనగా నాలుగవవంతు పోయెను. ఆ కాలమున నియమింపబడిన సభ్యులలో కొందరికి ఆ సంస్థ ఆశయముమీదనే నమ్మకము లేకపోయెను. 1987లో పాలకవర్గ అధ్యక్షుడు క్లార్క్ డ్యూరాంట్, న్యాయవాదుల సభలో మాటలాడుచు, తాను అధ్యక్షత వహించుచున్న సంస్థనే రద్దుచేయవలెనని సూచించెను. గోడ కట్టినను, గోడకు కాపలాదారుని నియమించు అధికారము ఎవరిదో చూచుకొనవలెనని దీనివలన నేర్చుకొనవచ్చును.

1996లో మరల కోత పడెను. సుమారు 40 కోట్ల డాలర్లు 27 కోట్ల 80 లక్షలకు దిగెను. దానితోపాటు నిషేధములు వచ్చెను. అనేకమంది పక్షమున ఒకే వ్యాజ్యము వేయకూడదు, సహాయధన చట్టములనే ప్రశ్నింపకూడదు అనునవి వాటిలో కొన్ని. సహాయధన చట్టములను ప్రశ్నింపకూడదను నిషేధమును 2001లో సుప్రీంకోర్టు కొట్టివేసెను. న్యాయవాదిని ఇచ్చి, అతడు ఏమి వాదింపకూడదో కూడ ప్రభుత్వమే చెప్పుట తగదని ఆ తీర్పు భావము. తక్కిన నిషేధములు చాలవరకు నిలిచెను.

1876లో పుట్టిన న్యూయార్కు సంఘమును వేరొక విధముగా శోధింపబడెను. 1965 తరువాత నేరవ్యాజ్యములలో బీదల పక్షమున వాదించు పని నగర ప్రభుత్వ నిధులతో ముఖ్యముగా దానికే అప్పగింపబడెను. 1994 అక్టోబరులో ఆ సంఘపు న్యాయవాదులు జీతముల విషయమై సమ్మె చేయగా, మేయరు రూడాల్ఫ్ జూలియాని ఒప్పందమును రద్దుచేయుదునని ప్రకటించెను. కొద్ది దినములలో సమ్మె ముగిసెను. కాని తరువాత నగరము ఆ పనిలో భాగమును ఇతర సంస్థలకు పంచియిచ్చెను. ఒకే దాత మీద ఆనుకొనిన సంస్థకు ఆ దాత లేచిపోయిన దినమున నిలువ నీడ ఉండదు.

అందుచేత ఆదాయమునకు పలు మార్గములు వెదకబడెను. కక్షిదారుల సొమ్ము కొద్దికాలము ప్లీడర్ల వద్ద జమగా ఉండును. విడివిడిగా చూచినయెడల దాని వడ్డీ లెక్కకు రాదు. అన్నిటిని ఒక ఖాతాలో చేర్చి ఆ వడ్డీని న్యాయసహాయమునకు వాడు పద్ధతి ఆ దేశములో మొదట ఫ్లోరిడా రాష్ట్రమున 1981లో ఆరంభమై ఇతర రాష్ట్రములకు వ్యాపించెను.

మన దేశములో

మన దేశమున ఈ చరిత్ర వేరొక దారిని నడిచెను. బొంబాయిలో న్యాయసహాయ సంఘము 1920 దశకముననే ఏర్పడెను. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత 1958లో లా కమిషను తన 14వ నివేదికలో న్యాయసహాయము ప్రభుత్వ బాధ్యత అని చెప్పెను. 1970లో గుజరాతు ప్రభుత్వము జస్టిస్ పి.ఎన్. భగవతి అధ్యక్షతన ఒక సంఘమును నియమించెను. 1972లో కేంద్ర ప్రభుత్వము జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ అధ్యక్షతన నియమించిన సంఘము 1973లో నివేదిక ఇచ్చెను. 42వ రాజ్యాంగ సవరణ ద్వారా 39-ఎ అధికరణము చేర్చబడి, ఉచిత న్యాయసహాయము రాజ్య కర్తవ్యములలో ఒకటి ఆయెను. 1979లో హుసైనారా ఖాతూన్ వ్యాజ్యములో, బీహారు జైళ్లలో విచారణ లేకుండ సంవత్సరముల తరబడి మగ్గిన ఖైదీల సంగతి సుప్రీంకోర్టు ముందుకు వచ్చెను. వారిలో కొందరు తాము చేసిరనబడిన నేరమునకు పడదగిన శిక్షకంటె ఎక్కువ కాలము జైలులోనే గడపిరి. డబ్బు లేదని చెప్పి ప్రభుత్వము న్యాయసహాయమును తప్పించుకొనలేదని 1981లో ఖత్రీ వ్యాజ్యములోను, ముద్దాయి అడుగలేదను సాకు చెల్లదని 1986లో సుక్‌దాస్ వ్యాజ్యములోను ఆ కోర్టు చెప్పెను.

1987లో న్యాయసేవల అధికార సంస్థల చట్టము చేయబడి, 1995 నవంబరు 9న అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము దేశస్థాయి సంస్థకు భారత ప్రధాన న్యాయమూర్తియు, రాష్ట్ర సంస్థకు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తియు పోషకులు. జిల్లా సంస్థకు జిల్లా జడ్జి అధ్యక్షుడు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులముల, తెగల వారికి, నిర్బంధములో ఉన్నవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ సహాయము దొరకును. 15100 అను నంబరుకు ఫోను చేసియు సలహా అడుగవచ్చును.

ఈ పద్ధతిలో బలమును కలదు, కొరతయు కలదు. జడ్జీలు నడుపు సంస్థను మంత్రిగారు ఒక్క మాటతో మూయలేడు. అది బలము. అయితే సహాయము పొందు బీదలకు పాలకవర్గములో ఇంత వంతు అని ఆ చట్టము నిర్ణయింపలేదు. జిల్లా జడ్జిగారి ఎదుట నోరు విప్పుటకే జంకు మనిషి, ఆయన అధ్యక్షత వహించు సంస్థలో తనకు సహాయము సరిగా అందలేదని చెప్పుకొనుట ఎంత కష్టమో ఆలోచింపవలెను.

తెలుగునాట

ఈ కొరతను తీర్చు ప్రయత్నములు ప్రభుత్వ సంస్థల వెలుపల కొన్ని జరిగెను. విశాఖపట్నము జిల్లా అనంతగిరి ప్రాంతమున గిరిజనుల భూములు గనుల నిమిత్తము ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇయ్యబడినప్పుడు, సమత అను స్వచ్ఛంద సంఘము వారి పక్షమున కోర్టుకు వెళ్లెను. షెడ్యూల్డు ప్రాంతములలో గిరిజనేతరులకు అట్టి లీజులు ఇచ్చుట చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఒక చిన్న సంఘము ప్రభుత్వముతోను, పెద్ద కంపెనీలతోను ఎదురునిలిచి గెలిచిన ఈ తీర్పు దేశమంతట పేరుపొందెను. గనులవారి చందాతో నడుచు సంఘమొకటి ఈ వ్యాజ్యము వేసి ఉండునా అని పాఠకులే చెప్పవలెను.

మరియొక ఉదాహరణము భూమి తగాదాలది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 ప్రాంతమున పేదరిక నిర్మూలన సంస్థ, పల్లెల యువతీయువకులకు భూమి చట్టములలో తర్ఫీదు ఇచ్చి, స్వయం సహాయక మహిళా సంఘముల సమాఖ్యలతో కలిపి పనిచేయించెను. పట్టా ఉండి భూమి లేనివారు, భూమి ఉండి పట్టా లేనివారు ఎవరో వారు పల్లెలో తిరిగి వ్రాసికొని, తహసీల్దారు కార్యాలయము వరకు వెంట వెళ్లుచుండిరి. ఆ సమాఖ్యలలో కూర్చుండినవారు ఆ పల్లెల బీద స్త్రీలే. చికాగో స్త్రీలు 1886లో కనుగొనిన మార్గము, ఆ పేరు ఎరుగని మన పల్లె స్త్రీలకును అందెను.

మనము నేర్చుకొనవలసినది

నేడు మన రాష్ట్రములలో సంఘము రిజిస్టరు చేయుట కష్టము కాదు. 2001 చట్టము ప్రకారము ఏడుగురు చేరినయెడల చాలును. ఆ ఏడుగురు ఎవరు అనునదియే ప్రశ్న. ఏడుగురును దాతలైనయెడల దాతలకు ఇబ్బంది లేని పని మాత్రమే జరుగును. ఏడుగురును ప్లీడర్లైనయెడల కోర్టు పని జరుగును గాని, కోర్టువరకు రాలేనివారు కనబడరు. ఏడుగురును బీదలైనయెడల చట్టపు మెలకువలు, లెక్కల బాధ్యత వారిని తికమకపెట్టవచ్చును. మూడు తరగతులవారును కలిసి కూర్చుండి, ఒకరి మాట ఒకరు వినుట నేర్చుకొనిన చోటనే పని నిలిచినదని ఈ చరిత్ర చూపుచున్నది.

బీదవానిని సభ్యునిగా చేర్చుకొని వెనుక బల్లమీద కూర్చుండబెట్టుట చాలదు. అతనికి తెలిసిన భాషలో కాగితములు ఇయ్యవలెను. అతడు పని మానుకొని రానక్కరలేని వేళను సభ పెట్టవలెను. అతడు అడిగిన ప్రశ్న, దానికి ఇయ్యబడిన జవాబు మినిట్సు పుస్తకములో వ్రాయవలెను. వ్యాజ్యము నడుపు న్యాయవాదికి స్వేచ్ఛ ఇయ్యవలెను. నిధిలో కొంత భాగమైనను, ఇచ్చినవాడు కోపించినను ఆగిపోనిదై ఉండవలెను.

ఉచిత న్యాయసహాయ సంఘము ఏదైనను తన వద్దకు వచ్చినవారిని లెక్కించుకొని సంతోషించుట సహజము. దానితోపాటు, తిప్పి పంపబడినవారి లెక్కయు, ఎందుకు పంపితిమను కారణమును ప్రతి సంవత్సరము వ్రాసియుంచుట మేలు. దివాలా దరఖాస్తుతో వచ్చి తిరిగిపోయిన కూలివాని పేరు, విడాకులు కోరి వచ్చి తిరిగిపోయిన స్త్రీ పేరు ఆనాటి వార్షిక నివేదికలలో లేవు. మన తరువాతివారు మన నివేదికలు తెరచి చూచునప్పుడు అట్టి పేజీ ఒకటి కనబడునట్లు ఇప్పుడే వ్రాయుట ఆరంభింపవలెనని కోరుచున్నాము.